బాత్రూమ్ గడియ

నా వాటర్ బాటిల్ రోజూ నాతోపాటు కంకిపాడులో బస్సెక్కి బెజవాడ కాలేజీకి వచ్చి, నిండుగానే ఇంటికి తిరిగెళ్లేది. అమ్మాయిల బాత్రూమ్‌కి గడియ లేదు మరి. అందుకని నీళ్లు తాగేవాళ్లం కాదు, వచ్చినా ఆపుకునేవాళ్లం. చివరికి నాకు యూరిన్ ఇన్ఫెక్షనూ, చలిజ్వరమూ పట్టుకున్నాయి. డాక్టరమ్మగారు మందులు రాసి, "నీళ్లు బాగా తాగు, ఆపుకోకు" అన్నారు. ఆపుకోక ఏం చెయ్యమంటారు? ఒళ్లు మండింది నాకు. జ్వరం తగ్గగానే గడియ కొని, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లి, నేనూ నా స్నేహితురాలూ బిగించేశాం. వంకరగా కుదిరింది కానీ, పడింది! మధ్యాహ్నం అమ్మాయిలందరం గటగటా నీళ్లు తాగి, నవ్వుకుంటూ వరసలో నిలబడ్డాం. అంతలో మా లెక్చరర్ మేడమ్ వచ్చారు. తిడతారేమోనని స్క్రూడ్రైవర్ చున్నీ వెనక దాచేశాను. ఆవిడ నేరుగా వెళ్లి వరస చివర నిలబడ్డారు.

"కాస్త త్వరగా కానివ్వండమ్మా, పదేళ్లుగా ఆపుకుంటున్నాను."