నాయనమ్మ కడిగిన పుర్రె

నేను సూర్యాపేటలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నప్పటి సంగతి ఇది. సోమవారం పుర్రె ఎముకల మీద వైవా పరీక్ష. కోదాడకు చెందిన సీనియర్ అక్కను బతిమాలి, ఆమె దగ్గరున్న అసలు పుర్రెను మిర్యాలగూడలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఏ కండరం ఎక్కడ అతుక్కుంటుందో తెలిసేలా దానిమీద అక్క ఎర్ర, నీలం స్కెచ్ పెన్నులతో గీతలు గీసుకుంది. నా ధైర్యమంతా ఆ గీతలే.

ఆదివారం పొద్దున స్నానం చేసి వచ్చేసరికి పుర్రె డాబా మీద చాటలో ఆరుతోంది! నాయనమ్మ సబ్బు పెట్టి కొబ్బరి పీచుతో తోమేసింది. ఒక్క గీత మిగల్లేదు.

"ఏం జేసినవ్ నాయనమ్మా! రేపు నాకు పరీక్ష!" అని గొంతు చించుకున్నాను.

"గట్ల రంగులు పూసి పెడ్తరా? పాపం, ఎవ్వలింటి మనిషో! జర తానం పోసిన" అంది. పైగా తాపీగా, "ఇంతకూ ఆడమనిషా, మొగమనిషా?" అని అడిగింది.

"ఎవరైతే నీకేంది?" అని కసురుకుని, పుస్తకం ముందేసుకుని మళ్లీ గీతలు గీస్తూ కూర్చున్నాను. రోజంతా ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు ఎగ్జామినర్ గారు ఒక్క గీత కూడా లేని వేరే పుర్రెను నా చేతిలో పెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఆడమనిషిదా, మగమనిషిదా?"

గీతల కోసం పుర్రెను అటూ ఇటూ తిప్పాను. కనుబొమల దగ్గరి గట్టు, చెవి వెనకాల ఎముక చూసి చెప్పొచ్చట. రెండు రోజులు పుర్రెను ఒళ్లో పెట్టుకుని చదివింది నేను. అది ఒక మనిషిదని గుర్తొచ్చింది మాత్రం నాయనమ్మకు.