ఏడు మణుగుల బెల్లం, ఎనిమిది మణుగుల నేను

కొండమీది స్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. (పక్క గదిలో మా ఇంటిది నవ్వుతోంది. మీరు పట్టించుకోవద్దు.) ఆ రోజుల్లో, అంటే యుద్ధం జరుగుతూ బియ్యానికి గూడా కార్డు చూపించాల్సి వచ్చిన రోజుల్లో, మనిషి లావుగా ఉండడం ఒక గౌరవం. సన్నటివాణ్ణి చూసి జనం అయ్యో అనేవాళ్ళు. నన్ను మాత్రం 'బాగుండావా' అని అడిగేది గూడా మానేసినారు, అడగకుండానే కనబడుతోంది గదా అని. అట్లాంటి కాలంలో, ఇంట్లో తిండి పెట్టుకోని కావాలని పస్తులున్న మహానుభావుణ్ణి తిరుపతి చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను.

దీనికంతా మూలం మా అమ్మ మొక్కు. నాకు ఆరేండ్లప్పుడు విషజ్వరం వస్తే, బిడ్డ బతికితే వాడి బరువుకు బరువు బెల్లం తూచి ఇస్తానని మొక్కుకుంది. అది తీరేదాకా తాను తీపి ముట్టనని గూడా చేర్చింది. అప్పుడు నేను మహా అయితే ఒకటిన్నర మణుగు. ఆ నెలలోనే తీర్చేసి ఉంటే ఒక గంపతో పోయేది. కానీ ఒక ఏడు వానల్లేవు, ఒక ఏడు అవ్వ పోయింది, ఇంకో ఏడు ఎద్దు పోయింది. మొక్కు వాయిదా పడుతూ వచ్చింది గాని నేను వాయిదా పడలేదు. పంతొమ్మిదేండ్లు వచ్చేసరికి ఎనిమిది మణుగులయినాను. పదమూడేండ్లుగా అమ్మ ప్రతి పండక్కీ పొంగలి వండి, మాకందరికీ వడ్డించి, తాను మాత్రం మజ్జిగన్నం కలుపుకునేది.

ఆ ఏడు చెరుకు గానుగాడినప్పుడు నాయన ఎట్లో కూడబెట్టి ఏడు మణుగుల బెల్లం గంపలకెత్తి లోపలి అరలో పెట్టించినాడు. "ఇంతే. ఇంకొక అచ్చు బెల్లం అడిగినా ఈ ఊర్లో ఎవుడూ ఇయ్యడు. వచ్చే పౌర్ణమికి కొండకి పోతాండాము" అని, నా పక్క తిరిగి, "నువ్వు ఒక మణుగు తగ్గల్ల" అన్నాడు, అదేదో అరుగు మీంచి కిందికి దిగమన్నట్టు.

నేను రేణిగుంట స్టేషను పక్కన ఒక చెనిక్కాయల మండీలో మూటలు తూచే గుమాస్తాని. బరువు సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు! పొద్దున చెంబుడు మజ్జిగ, సాయంత్రం చారెడు అటుకులు, మధ్యలో రోషం. మూటకీ మూటకీ నడుమ కాటా ఎక్కి నన్ను నేను తూచుకునేవాణ్ణి. హమాలీల మేస్త్రీ కొన్నాళ్ళు చూసి చూసి, "ఏమబ్బా, మూటలకన్నా నిన్నే ఎక్కువ తూస్తాండావే! నిన్ను గూడా గూడ్సు బండికెక్కించల్లా?" అన్నాడు. తొమ్మిదో రోజుకి రెండు వీశెలు, అంటే పావు మణుగు, తగ్గినాను. అప్పటికి నా ముక్కు ఎంత పదునెక్కిందంటే, మద్రాసు బండి ఆగకుండా పోతున్నా మూడో పెట్టెలో పులిహోర పొట్లం ఎవరు విప్పినారో చెప్పగలిగేవాణ్ణి. మేస్త్రీ జాలిపడి "రెండు పప్పులు నోట్లో వేసుకో అప్పా, కాటాకి తెలియదులే" అంటే, మహర్షి మాదిరి తల అడ్డంగా ఊపినాను.

మరుసటి రోజు సెలవు. మిట్టమధ్యాహ్నం అమ్మ బావికి పోయింది. నేను బెల్లం అరలోకి పోయినాను, ఉత్త వాసన చూసి వచ్చేద్దామనే (ఇది గూడా నిజమే). చిన్న పెళ్ళ ఒకటి గిల్లినాను. ఒళ్ళు తెలిసేసరికి అచ్చుకు అచ్చు మాయం. నిలబడే తిన్నాను, రుచి గూడా తెలియలేదు. భయమేసి, శిక్షగా రెండు రోజులు మంచినీళ్ళతో ఉన్నాను. మూడో రోజు రెండు అచ్చులు పోయినాయి. పస్తున్నందుకు తినడం, తిన్నందుకు పస్తుండడం, ఇదే నా ఉద్యోగమైపోయింది. పైగా నేను మింగిన ప్రతి పెళ్ళా రేపు తక్కెడ ఎక్కినప్పుడు ఆ తట్టలో తగ్గి ఈ తట్టలో పెరిగే రకం! గంపలు వెలితిగా కనబడకుండా అడుగున ఎండు అరిటాకులు కుక్కినాను. అన్నాలప్పుడు అమ్మ "చిక్కిపోతాండావురా నాయనా, ఒక్క ముద్ద తిను" అని బతిమాలేది. "మొక్కు కోసరం మా" అనేవాణ్ణి, పంటి సందున బెల్లం ఇంకా కరుగుతుండగా.

పౌర్ణమి రానే వచ్చింది. మెట్ల దారిలో గంపలు మోసే కూలీల్లో ఒకడు "ఏడు మణుగులంటిరే, తేలిగ్గా ఉండాయే సామీ!" అన్నాడు. వాడి భుజబలాన్ని నేను పది మెట్ల దూరం పొగిడినాను. పైన తక్కెడలో నేను కూచున్నాను. అటు తట్టలో గంప తర్వాత గంప కుమ్మరించినారు. ప్రతి గంపలోంచీ బెల్లం వెనకాలే ఎండుటాకులు రాలినాయి. నా తట్ట నేలకి అతుక్కుపోయింది. నాయన ఆకుల్ని చూసినాడు, నన్ను చూసినాడు. తూచే ఆయన "ఇంకా ఉండాదా?" అన్నాడు. అప్పుడు అమ్మ ముందుకొచ్చి, "ఉండాది సామీ. తక్కువయింది వాని కడుపులోనే ఉండాది. అంత మటుకు ఈ పక్క తీసి ఆ పక్క వేసుకోండి" అన్నది. ఆయన పకపకా నవ్వి గోవిందా అన్నాడు, జనమంతా గోవిందా అన్నారు, మొక్కు తీరిపోయింది.

ఒట్టు వేసినవాణ్ణి గనక ఒప్పుకుంటాను. అమ్మ ఆ మాట అనలేదు. పాతికేండ్లుగా పదిమందికీ చెప్పి చెప్పి నేను నునుపు చేసుకున్న మాట అది. తూచే ఆయన మమ్మల్ని పక్కకి జరగమన్నాడు, అంతే. మొక్కు తీరక, మళ్ళీ చెరుకాడేదాకా అమ్మ ఇంకో ఏడాది తీపి ముట్టలేదు. ఆ రోజు కొండ దిగేటప్పుడు మెట్ల మీద కూచోబెట్టి పెరుగన్నం మూట విప్పింది. "ఆకలి లేదు మా" అన్నాను, అలవాటు చొప్పున. ఆమె నా మొహంలోకి చూసి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది: "నా ముందర తినేదానికి నీకేమిరా సిగ్గు?"

ఇప్పటికీ నేను పెండ్లి విందుల్లో రెండు ముద్దలు కెలికి లేచి వచ్చి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అలమర ముందు నిలబడి తింటూ ఉంటాను. మధ్యలో అమ్మ మెట్ల మీద అడిగిన ఆ మాట గుర్తొచ్చి, నోటినిండా పెట్టుకునే నవ్వుకుంటాను. ఇన్ని కోతలు కోసేవాణ్ణి, దానికి మాత్రం ఒక్క జవాబు కల్పించలేకపోయినాను.