గువాహటి నుంచి మూడు గంటలు

నాయన సొరంగాల పనికి పోతుండె. పెబ్బేరు పక్కన మా ఊరి నుంచి ఆ పనికి పోయినోళ్లు శానామంది. పోయిన ఏడు అస్సాం దిక్కు పోయిండు. "ఎంత దూరం నాయనా?" అని ఫోన్ల అడిగితే, "మూడు పొద్దులు రైల్లనే కూసున్నం బిడ్డా, నడుములు పోయినయి" అన్నడు.

నాలుగు నెలలకు, ఒకరోజు పొద్దున నేను వనపర్తిల కాలేజీ కాడ బస్సు దిగుతుంటే ఫోన్ వచ్చింది. నాయనతోని పనిచేసే మేస్త్రీ. "మీ నాయనకు ఛాతిల నొప్పి లేసింది. గువాహటి దవాఖానకు తీస్కపోయినం. పానం నిలువలేదమ్మా" అన్నడు. సరే అన్న. ఎందుకు సరే అన్ననో తెల్వదు. క్లాసుకు పోయి కూసున్న. పాఠం మొత్తం విన్నంక, బయటికొచ్చి మా చిన్నాయనకు ఫోన్ చేసిన. నాయనకు ఒక్కడే తమ్ముడు.

నాకు హిందీ వస్తదని చిన్నాయనతోని నన్ను పంపిండ్రు. ఇద్దరికీ విమానం కొత్త. పోయినప్పటిది ఏమీ యాదికి లేదు. వచ్చేటప్పటిది మాత్రం అంతా ఉన్నది.

గువాహటి ఎయిర్‌పోర్టుల సామాన్లు పంపే కాడ నాయన ఉన్న పెట్టెను కాంటా మీద పెట్టిండ్రు. బరువు రాసి చీటీ అంటించిండ్రు. నాతోని సంతకం పెట్టించుకున్నరు. సంతకం మంచిగనే వచ్చింది.

విమానం లేసినంక, హైదరాబాదుకు మూడు గంటలు పడతదని మైకుల చెప్పిండ్రు. చిన్నాయన నా చెవి దగ్గరికి వంగి, "అన్నను యాడ పెట్టిండ్రు?" అని అడిగిండు.

"కింద. సామాన్లు పెట్టే తాన."

"కింద అంటే, మన కిందనేనా?"

"అవును."

చిన్నాయన చెప్పులు విడిచిండు. రెండు కాళ్లు పైకి తీసుకొని సీట్ల సక్లముక్లం పెట్టుకొని కూసున్నడు. మోకాలు నాకు తగులుతుండె.

విమానంల పనిచేసే అమ్మాయి వచ్చి కాళ్లు దించమని హిందీల చెప్పింది. చిన్నాయన కదల్లేదు. "మా అన్న కింద ఉన్నడు. కాళ్లు ఎట్ల పెడత?" అన్నడు, తెలుగులనే. ఆమె నా దిక్కు చూసింది. నేను హిందీల చెప్పిన. చెప్తుంటే పరాయోళ్ల ముచ్చట చెప్పినట్టే ఉండె. ఆమె పోయి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చిచ్చింది. మళ్ల కాళ్ల మాట ఎత్తలేదు.

ఉప్మా ఇచ్చిండ్రు. నాకు ఆకలైతుండె. నాది తిన్న, చిన్నాయనది కూడా తిన్న.

హైదరాబాదు నుంచి ఊరికి అంబులెన్సుల వచ్చినం. పెట్టె తెరిచినంక నాయన మీద పడి అమ్మ ఏడ్చింది. నేను పక్కన నిలబడి ఆమె కొంగు సర్దుతున్న. "ఈ పిల్ల ఏడుస్తలేదేందే" అని ఎవరో అన్నరు. నాక్కూడా గదే అనిపించింది.

పూడ్చిపెట్టిన మూడోనాడు సుట్టాలంతా ఇంటి ముందర కూసున్నరు. మా మేనత్త మెల్లగ అడిగింది, "విమానంల ఎట్లుంటది బిడ్డా? భయం కాలే?"

"కాలే అత్తా."

"మబ్బులు కనబడతయా?"

"కనబడతయి. మన కంటె కిందనే ఉంటయి."

అందరు నా దిక్కు తిరిగిండ్రు. చిన్నాయన లేసి ఇంట్లకు పోయిండు. విమానం ముచ్చట మొదటి నుంచి చెప్పమన్నరు. చెప్పిన.