దేవేంద్రప్ప పరువు నోటీసులు

దేవేంద్రప్ప చెవిన పడేలా ఎవరి మీదైనా ఓ చెడ్డమాట అన్నారా, తెల్లారేసరికి మీ తలుపుకు నోటీసు అంటుకుని ఉండాల్సిందే. కోర్టు అమీనాగా ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి తలుపులకు సమన్లు అంటించిన చెయ్యి అది. ఉద్యోగం అయిపోయింది గానీ చేతి దురద పోలేదు. కోడుమూరు పక్కనున్న ఆ ఊళ్లో అందరి పరువుకూ ఆయనే కాపలా.

పక్కింటి కోడిని ఎవరో దొంగముండ అని తిడితే, కోడి తరఫున కూడా ఓసారి నోటీసు ఇచ్చాడు.

“కోడికి పరువేందప్పా?” అన్నాడు తిట్టినవాడు.

“దినామూ గుడ్డు పెడతాది. నువ్వేం పెడతాండావు?”

ఇంత చేసినవాడికి కాగితం ఏ వైపు అంటించాలో మాత్రం తెలియదు. రాత ఉన్న వైపే నాలుగు మూలలా సంగటి మెత్తి తలుపుకు కొడతాడు. బయటికి కనిపించేది తెల్ల కాగితమే. చదవాలంటే ఊడబీకాలి. ఆలస్యమైతే సంగటి కోసం మేకలు నోటీసుతో సహా నమిలేస్తాయి. ఊళ్లో చట్టం జీర్ణమైంది మేకలకేనని జనం నవ్వుకునేవారు.

అందరికంటే గట్టిగా నవ్వేది బడిలో వంట చేసే రమణి. మొన్నటిదాకా.

మొన్న కిరాణా కొట్టు ఈరేష్ ఊరి వాట్సాప్ గ్రూపులో గొంతెత్తాడు: “పిల్లోళ్ల గుడ్లు రమణి సంచిలో పోతాండాయి. నేను సూసినా.” సంచిలో ఉన్నవి రోజా చెట్లకు ఎరువుగా వేసే గుడ్డు పెంకులు. చెబితే వినేదెవరు? సోమవారం బడి కమిటీ కూర్చుని ఆమెను పనిలోంచి తీసేస్తుందన్నారు. అంతకంటే, గుడ్డు వడ్డిస్తుంటే పిల్లలు తన సంచి వైపు చూడటం రమణికి ముద్ద దిగనివ్వలేదు.

“ఏడ్సొద్దు పాపా. నోటీసు ఇస్తాండా” అన్నాడు దేవేంద్రప్ప.

మర్నాడు పొద్దున్నే రమణి కొట్టు దగ్గరికి పోయి చూసింది. షట్టరు మీద తెల్ల కాగితం!

“నా కొంప మునుగుతాంటే ఈరోజన్నా సరిగ్గా అంటియ్యకూడదా పెద్దనాయనా!” అని దేవేంద్రప్పను తలుచుకుని నెత్తి కొట్టుకుంది. ఈరేష్ వచ్చాడు. కాగితం పీకాడు, చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. షట్టరు ఎత్తాడు.

సోమవారం కమిటీలో పిలవకుండానే లేచి నిలబడ్డాడు. “నేను సూసింది పెంకులే. గుడ్లని వాగినా. తప్పయింది రమణక్కా.” ఆ మాటే గ్రూపులోనూ పెట్టాడు. తనంతట తానే ఒప్పుకున్నాడని ఊరు ఈరేష్‌ను మెచ్చుకుంది. రమణి పని నిలిచింది.

సాయంత్రం సంగటి గిన్నె తీసుకుని రమణి దేవేంద్రప్ప ఇంటికి వెళ్లింది. “అంతగా ఏం రాసినావు పెద్దనాయనా?”

“సాక్ష్యముంటే సోమవారం తే. లేకుంటే ఆ మాట అన్న నోటితోనే సరిచెయ్యి. రెండూ కాదంటే కోర్టులో కలుద్దాం. అంతే.”

“మరి రాత లోపలికెందుకు?”

“సర్కారు నోటీసులు ముప్పై ఏండ్లు రాత బయటికే అంటిచ్చినా పాపా. ఇంటోళ్లు తలుపు తీసేలోపల ఊరంతా సదివేది. వాళ్ల మొకాలు సూడలేకపోతాంటి. ఇవి నా నోటీసులు గదా. ఈరేష్‌కూ పరువు ఉండాది. అది నేనే తీస్తే తప్పెట్ల ఒప్పుకుంటాడు?”

రమణి గిన్నె కింద పెట్టింది. “నీకు అంటించను రాదని ఊరంతా నవ్వుతాంది గదా, మరి నీ పరువో?”

దేవేంద్రప్ప కళ్లద్దాలు సర్దుకుని తెల్ల కాగితం తీశాడు. “ఎవరెవరు నవ్వినారు? పేర్లు జెప్పు.”

“మొదటి పేరు నాదే రాసుకో” అంటూ రమణి సంగటి గిన్నె ఆయన ముందుకు జరిపింది. “తినంగా మిగిలితేనే నోటీసు అంటియ్యి.”