పరుపు విప్పించిన డాక్టరు గారు

మా అమ్మాయికి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు ఉద్యోగం వచ్చిందండీ! వయసు దాటిపోయే ముందు మిగిలిన ఆఖరి అవకాశం, దక్కింది! ఉత్తరం చదవగానే ఆబిడ్స్‌లో మిఠాయి పొట్లం కట్టించుకుని, నాంపల్లిలో మా డాక్టరు గారి దవాఖానకు పరుగెత్తాను. తలుపులు మూసి ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్న కంపౌండరు నా చేతిలోని పొట్లం చూసి తల దించుకున్నాడు.

"సాబ్ పొద్దుగాల్నే పోయిన్రన్నా."

నా చదువు నాలుగో తరగతి. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాల మూతులు కుట్టి బతికినవాణ్ణి. అయినా ఆయన గురించి మీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

మా పిల్ల నిద్ర లేవడమే తుమ్ములతో లేచేది. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీల్చేది. కిందటేడు ఇదే ఆపరేటరు ఉద్యోగానికి పెట్టిన గొంతు పరీక్షలో నోరు తెరవగానే తుమ్ములు మొదలై ఆగలేదు, వెనక్కి పంపేశారు. "ఇంకొక్కసారే రానిస్తరట నాయినా. ఈ ముక్కుతోని ఏం పోను?" అని గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు మెతుకు ముట్టలేదు. సాంబ్రాణి పొగ వేస్తే ఊపిరాడక ఇంకా అల్లాడింది. మేం మొక్కని దేవుడు లేడు. నా ఒంటి మీది మిర్చి ఘాటే పిల్లను చంపుతోందని పని మానేయబోయాను.

అప్పుడు వెళ్లాం ఆయన దగ్గరికి. ఏవేవో మందుచుక్కలు పిల్ల ముంజేతి మీద వేసి, సూదితో సన్నగా గీరి, గడియారం చూస్తూ కూర్చున్నారు. ఇంటిదుమ్ము చుక్క వేసిన చోట దద్దు లేచింది.

"పిల్ల దేనిమీద పంటదయ్యా?"

"పరుపు మీద సాబ్. నేనే కుట్టిన. గంజ్‌ల పాత గోనెసంచులు, లోపల పాత దూది. జలుబైనప్పుడల్లా ఇంకో వరుస ఏసిన, వెచ్చగుంటదని."

"ఎన్ని వరుసలైనయ్?"

"ఆరు."

"శాబాష్! దుష్మన్‌ను సూదీదారంతోని కుట్టి, బిడ్డ తల కింద పెట్టినవ్."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన నవ్వు ఆపి బెంచీ మీద నా పక్కకొచ్చి కూర్చున్నారు.

"జర ఇను. ఒంట్ల కాపలాదార్లుంటరు. దుమ్ము రాంగనే దొంగొచ్చిండని హిస్టమిన్ అనేదాన్ని వదుల్తరు. అది కబురన్నట్టు. అది తాకంగనే ముక్కు జిలపెడ్తది, నీళ్లు కారుతది, లోపల వాస్తది. దుమ్ము గంత చెడ్డది కాదయ్యా. కబురే తప్పు. నేనిచ్చే గోలీ ఆ కబురును అందనియ్యదు, గంతే. కబురు పంపుడే ఆగాల్నంటే ఆ దుమ్ము నిండిన పరుపు పోవాలె."

గోలీ వేసుకుంటే పిల్ల కూర్చున్నచోటే నిద్రకు తూలేది. నాకేమో పరుపు విప్పడానికి చేతులు రాలేదు. వారం చూసి ఆయనే రిక్షాలో మా ఇంటికి వచ్చారు. ముక్కుకు రుమాలు కట్టుకుని వాకిట్లో నిలబడి ఒక్కో కుట్టూ నాతోనే కోయించారు. ఆ రోజు నుంచి పిల్లకు చాప, వారం వారం ఉడకబెట్టి ఉతికిన దుప్పటి.

తర్వాత ఎప్పుడు వెళ్లినా ముందు నాకే పరీక్ష. "హిస్టమిన్ అంటే ఏంది, చెప్పు పెద్దమనిషీ." తడబడితే కంపౌండరు ముందే ఆటపట్టించేవారు. ఆ తర్వాత పిల్ల వంతు. "నమస్తే, నాంపల్లి అను బిడ్డా. ముక్కులకెల్లి రావాలె." నెలలు గడిచేకొద్దీ ఆ మాట తేటపడింది. మొన్నటి గొంతు పరీక్షకు వెళ్లేముందు చివరిసారి ఆ మాట పలికించుకుని విన్నారు. "గిప్పుడు పో. ఉత్తరం రాంగనే ముందుగాల నాకు చెప్పాలె, ఔనా?" అన్నారు.

దవాఖాన నుంచి తిరిగొచ్చి, పిల్లను తీసుకుని డాక్టరు గారింటికి వెళ్లాను. ఆయన తల దగ్గర సాంబ్రాణి పొగ దట్టంగా ఉంది. పిల్ల కాళ్ల దగ్గర నిలబడి "నమస్తే" అనబోయింది, మాట ముక్కులోనే ఆగిపోయింది. పొగ వల్ల కాదు. ఏడ్చి ఏడ్చి. ఇది హిస్టమిన్ పని కాదు సాబ్, నాకు తెలుసు. కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టి, "నమస్తే, నాంపల్లి" అని మొత్తం పలికింది.

ఇక ఉద్యోగం వచ్చిన కబురు చెప్పాల్సినవాళ్లు: చాదర్‌ఘాట్‌లో మా అక్క, గన్‌ఫౌండ్రీలో బావమరిది, ఊళ్లో పెద్దనాయన, నా చెల్లెళ్లిద్దరు. వీళ్లందరికంటే ముందు డాక్టరు గారి భార్య, మా డాక్టరమ్మ గారు. ఆమెకు ఈరోజే చెప్పాలో, పదకొండో రోజు దాటాక చెప్పాలో తెలియక, మిఠాయి పొట్లం కట్టిన దారం ఇంకా విప్పలేదు.