ఏనుగుల దారిలో వెనక్కి తిరిగిన వ్యాను

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపు పైన, ఇరుకు మెట్లెక్కి వస్తే మా ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. రెండు కుర్చీలు, ఒక ఫోను, గోడకు దేవుళ్ల క్యాలెండరు. బండి నేను నడిపేవాణ్ణి. ఫోన్లు, సీట్లు, జనంతో మాట్లాడటం మా ఆవిడ చూసుకునేది. మొదట్లో మావన్నీ తిరుపతి, షిరిడీ యాత్రలే.

అడవి ట్రిప్పుల ఆలోచన ఆమెదే. ఒకసారి ఊటీ వెళ్తుంటే రోడ్డు పక్కన ఏనుగు కనబడింది. మా బండిలోని వాళ్లే దిగి, బిస్కెట్లు విసిరి, కేకలేసి, దానికి వీపు పెట్టి సెల్ఫీలు దిగారు. ఏనుగు బెదిరి ముళ్లపొదల్లోకి దూరింది.  ఇల్లు చేరాక ఆమె, "ఏనుగుల్ని చూపియ్యాల్నంటే గిట్ల కాదు. వాటికి మనమొచ్చినట్టు తెల్వకుండ చూపియ్యాలె," అంది.

అట్లా మొదలైంది. కర్ణాటక అడవి దాకా మా బండి, లోపల అటవీ శాఖ వ్యానులోనే తిరిగేవాళ్లం. కొద్దిమందినే తీసుకెళ్లేవాళ్లం. మెరిసే బట్టలు, సెంటు వద్దు. తినే ప్యాకెట్లు లోపలికి తేకూడదు. మాట్లాడకూడదు. ఎల్‌బీ నగర్ నుంచి ఫోన్ చేసిన ఒకావిడ ఇవన్నీ విని, "మాట్లాడకుండ కూసోవాల్నంటే మా ఆయన రాడమ్మా," అని పెట్టేసింది. మా ఆవిడ చాలాసేపు నవ్వింది. అయినా జనం వచ్చారు. వచ్చినవాళ్లు మళ్లీ తమ చుట్టాలను పంపారు.

ఆ ఎండాకాలం ట్రిప్పులో ఎక్కువమంది మా దగ్గరి మన్సూరాబాద్ వాళ్లు. గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక పెద్దమనిషి కూడా కుటుంబంతో వచ్చాడు. పొద్దున వ్యాను లోపలికి వెళ్లిన కాసేపటికి, ఎండిపోయిన వాగు దగ్గర ఏనుగుల మంద కనిపించింది. అటవీ శాఖ డ్రైవరు ఇంజను ఆపాడు. అవి మేయడం లేదు, కదలడం లేదు. గుండ్రంగా నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల మధ్య ఒక పిల్ల ఏనుగు పక్కకు పడి ఉంది. తల్లి తొండంతో దాని వీపును తడుముతోంది. కాలు కింద తొండం పెట్టి లేపబోతోంది. కాలు లేచి మళ్లీ పడిపోతోంది.

డ్రైవరు మెల్లగా, "చచ్చిపోయింది," అన్నాడు.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "బండి ఎనకకు తిప్పమను."

పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. "అదేంటండీ! ఇంత దూరం వచ్చింది ఏనుగుల్ని చూడ్డానికే కదా? మనమేం గోల చెయ్యట్లేదు. కాసేపు ఉంటే ఏం పోతుందండీ?"

"అన్నా, మనింట్ల మనిషి పోయినప్పుడు కొత్తోళ్లొచ్చి ఫోన్లు పట్టుకొని నిలబడ్తె ఎట్లుంటది, చెప్పుర్రి," అందామె. ఆయన ముఖం తిప్పుకున్నాడు. వ్యాను వెనక్కి తిరిగింది.

ఆమె ఆ మాట ఎందుకన్నదో ఆ వ్యానులో నాకొక్కడికే తెలుసు. మా బిడ్డ పుడుతూనే చనిపోయింది. మా ఆవిడకు మత్తు దిగకముందే మా పెద్దలు తీసుకెళ్లి పూడ్చిపెట్టి వచ్చారు. చూస్తే తట్టుకోలేదన్నారు. కళ్లు తెరిచి ఆమె పక్కంతా చేత్తో తడుముకుంది. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. ఆ రోజు వ్యానులో మాత్రం నా చెవి దగ్గరకొచ్చి, "వాటినన్న జర సేపు ఉండనియ్యి," అంది.

మేము బయటికి వస్తుంటే ఎదురుగా ఒక రిసార్టు జీపులు దుమ్ము లేపుకుంటూ లోపలికి పోయాయి. వాటి నిండా జనమే. సాయంత్రం అటవీ శాఖ డ్రైవరు చెప్పాడు. జీపులు వాగు అంచు దాకా పోయాయట, జనం లేచి నిలబడి వీడియోలు తీశారట. తల్లి ఏనుగు వాళ్ల మీదికి వస్తే హారన్లు కొట్టారట. మంద చెదిరిపోయింది. తల్లిని కూడా మిగతావి నెట్టుకుంటూ తీసుకుపోయాయి. పిల్ల అక్కడే ఒంటరిగా ఉండిపోయింది.

మా ఆవిడ విన్నది. ఏడవలేదు. అన్నం కలుపుకుని, తినకుండానే చెయ్యి కడుక్కుంది.

హైదరాబాద్ చేరాక ఆమె అడవి ట్రిప్పుల ఫోన్లు ఎత్తడం మానేసింది. నేను బతిమాలాను. "మనసొంటోళ్లు పోకుంటే ఆ జీపులే మిగుల్తయి. చప్పుడు లేకుండ చూసి వచ్చేటోళ్లు ఉంటేనే గదా, గట్ల చూడొచ్చని జనానికి తెలుస్తది?"

"నువ్వన్నది నిజమే. నువ్వు పో. నాతోని కాదు."

నేను పోతూనే ఉన్నాను. మేము చూసిందీ, డ్రైవరు చెప్పిందీ అంతా అటవీ శాఖ వాళ్లకు కాగితం మీద రాసిచ్చాను. మాతో వచ్చినవాళ్లలో కొందరు దాని మీద సంతకాలు పెట్టారు. ఆ పెద్దమనిషి కూడా పెట్టాడు. చాలా ఆలస్యంగానైనా ఆ వాగు దారిని బండ్లన్నింటికీ మూసేశారు, మా వ్యానుకు కూడా. ఈ మాట సంతోషంగా ఇంటికి మోసుకొచ్చాను. ఆమె "మంచిగయింది" అని, మొహం గోడవైపు తిప్పుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా నేను గడప దగ్గరే నిలబడ్డాను.

మొన్నటి ట్రిప్పులో వేరే దారిలో, ఒక చెరువు అవతలి గట్టు మీద ఏనుగుల మంద కనిపించింది. వాటి మధ్య ఒక పిల్ల ఏనుగు. ఇంటికొచ్చి చెప్పాలా వద్దా అనుకుని, చివరికి చెప్పాను.

"ఎంత దూరం నుంచి చూసిన్రు?" అని అడిగింది.

"చాన దూరం. చెవులు ఊపేది కూడ సరిగ కనవడలే."

"తల్లి మిమ్మల్ని చూసిందా?"

"లేదు. మేస్తనే ఉన్నది."

ఆమె తల ఊపింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆరిన బట్టలు తేవడానికి మిద్దె మీదికి పోయింది. నేను వెనకాల పోలేదు.