మూల మగ్గం

షెడ్డులో అందరూ అతన్ని సుత్తి బాబాయి అనేవారు. చేతిలో ఎప్పుడూ చిన్న సుత్తి ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందని అతను చెప్పుకునేవాడు. దొరికినవాణ్ణల్లా నిలబెట్టి మగ్గాల గురించి బుర్ర తినేస్తాడు కాబట్టి వచ్చిందని మిగతావాళ్ళు నవ్వేవారు. మీసం మొలవకముందే ఆ మరమగ్గాల షెడ్డులో నూనె పెట్టే పనికి చేరి, ఫిట్టరై, అక్కడే తల నెరిపించుకున్నాడు. ఏ మగ్గం మొరాయించినా ముందు దాని పక్కన నిలబడి కాసేపు వినేవాడు. ఆ తరవాతే పానా తీసేవాడు.

అతని భార్య అదే షెడ్డులో మూల మగ్గం మీద నేసేది. పెళ్ళికి ముందు నుంచీ అదే మగ్గం. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే ఆ రేకుల కప్పు కింద మనిషి గొంతు మనిషికి వినపడదు. అందుకని అక్కడివాళ్ళు చప్పుడు లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకునేవారు. బాబాయి ఆమెను పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది కూడా అలాగే, అడ్డపోగు మోసే నాడె సరిచేస్తున్నట్టు నటిస్తూ. ఆమె తెగిన పోగు ముడివేసి తల ఊపింది. ముడి బాగా పడిందని ఊపిందో, తనకే ఊపిందో తెలియక అతను ఆ సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

ఏళ్ళ తరబడి ఆ మోత ఆమె చెవులు తినేసింది. నడివయసు వచ్చేసరికి బొత్తిగా వినిపించకుండా పోయింది. షెడ్డులో అదొక లోటుగా ఎవరికీ అనిపించలేదు. అక్కడ అందరూ చెవిటివాళ్ళ లెక్కే. బయటికొస్తేనే కష్టం, అక్కడివాళ్ళకు పెదవులతో మాట్లాడే అలవాటు లేదు. కొట్లో బేరమాడాలన్నా, డాక్టరుకు చూపించుకోవాలన్నా మొగుడు పక్కన ఉండాల్సిందే. మగ్గం దగ్గర మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. చెయ్యి ఆనిస్తే చాలు, అదురులో తేడా తెలిసిపోయేది.

షెడ్డు కట్టించిన పెద్దాయన పోయాక అది ఆయన కొడుకు చేతికొచ్చింది. మంచివాడే. కానీ ఆర్డర్లు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. పాత మగ్గాల మీద వెడల్పు బట్ట రాదు. పెద్ద కంపెనీలవాళ్ళు ఆ బట్టను తాకి కూడా చూడటం లేదు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం బట్టల పరిశ్రమకు సాయం ప్రకటించింది. కొత్త యంత్రాలు కొంటే ఖర్చులో కొంత సర్కారు భరిస్తుంది, మిగతాది బ్యాంకు అప్పిస్తుంది. షరతు ఒక్కటే. పాత మగ్గాలను అధికారి కళ్ళెదుట విరగ్గొట్టాలి. లేకపోతే వాటిని ఎవరికో అమ్మేసి ఇంకోచోట ఆడిస్తారని వాళ్ళ అనుమానం.

యజమాని ఆ సంగతి చెప్పినప్పుడు బాబాయి చేతిలో సుత్తి కింద పెట్టాడు. అతను సుత్తి కింద పెట్టి మాట్లాడటం షెడ్డులో అదే మొదటిసారి.

"బాబూ, ఆ మూల మగ్గం ఒక్కటి నాకు వదిలెయ్యండి," అన్నాడు. "ఇంట్లో ముందు గది ఖాళీ చేస్తాను. మీ పిన్ని ఏదో ఒకటి నేసుకుంటుంది. దానికి ఇంకో పని రాదు. ఈ వయసులో నేర్పేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు."

"ఇవ్వాలని నాకు మాత్రం లేదా బాబాయ్? ఒక్కటి తగ్గిందంటే మొత్తం సాయం ఆగిపోతుంది," అన్నాడు యజమాని. "కొత్తవాటి మీద నీకు ట్రైనింగ్ ఇప్పిస్తాను. పిన్నికీ ఏదో ఒకటి చూస్తాను. నా మాట నమ్ము."

అతను అబద్ధమాడలేదు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అనుకున్నాడు.

అబద్ధమాడింది బాబాయే. ఇంటికెళ్ళి, చొక్కా విప్పుతూ, వేరే ఊరివాళ్ళు ఆ మగ్గాలన్నీ కొనుక్కున్నారని చెప్పాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఇటు తిరిగి చెప్పు. ఎవరు కొన్నారు?"

"వేరే ఊరివాళ్ళు. నీ మగ్గం అక్కడ ఆడుతుంది."

"ఎవరైనా నా అంత ఓపికున్నదానికి ఇవ్వమను," అంది ఆమె.

అధికారి వచ్చేసరికి మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి, మూల మగ్గం తప్ప. దాని మీద పడుగు ఇంకా కాస్త మిగిలింది. అధికారి సన్నటి మనిషి, మర్యాదస్తుడు. "తొందరేం లేదు, అయిపోనివ్వండి," అని ఓ పక్కగా నిలబడ్డాడు. యజమాని అతని దగ్గరికి వెళ్ళాడు. వీటిని ఎవరు పగలగొడతారని అధికారి అడిగాడు. కూలీలను పిలిపించామండీ, సమ్మెటలతో వస్తారు, అన్నాడు యజమాని. ఆ మోతలో వాళ్ళ మాటలు మరెవరికీ వినపడలేదు. ఆమె మాత్రం బట్ట మీదుగా వాళ్ళ పెదవులకేసే చూస్తోంది.

పడుగు అయిపోయింది. ఆమె మగ్గం ఆపి, బట్ట కోసి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది. మొగుడి వైపు తిరిగింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆమె మాట ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో అది షెడ్డంతా వినిపించింది.

"వేరే ఊరు పోతున్నాయన్నావు."

అతను నేల చూపులు చూశాడు.

"నావైపు చూడవయ్యా! ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ చేత కొట్టించకు. అడ్డదిడ్డంగా కొడతారు. నువ్వే కొట్టు. ఎక్కడ కొడితే తొందరగా పోతుందో నీకు తెలుసు."

కూలీ ఒకతను సమ్మెట అందించాడు. మగ్గం పక్క చట్రం పోత ఇనుముది, పెళుసు. బాబాయి చోటు చూసుకుని కొట్టాడు. మొదటి దెబ్బకే బీట పడింది, రెండో దెబ్బకు విరిగింది. ఆమె గోడకు చెయ్యి ఆనించుకుని నిలబడింది. అధికారి ఫోటో తీయాల్సి ఉండి కూడా కాసేపు గుమ్మం బయటికి చూస్తూ ఉండిపోయాడు. మిగతా మగ్గాలు కూలీలు పగలగొట్టారు. బాబాయి వాటి జోలికి వెళ్ళలేదు.

కొత్త యంత్రాలు వచ్చాయి. ట్రైనింగ్‌కి వెళ్ళిన బాబాయి మధ్యలోనే తిరిగొచ్చేశాడు. "అంతా తెర మీద నొక్కుళ్ళే. చెవి పెట్టి వినడానికి అందులో ఏముంది?" అన్నాడు. ఆమెకైతే ఆ అవకాశమూ రాలేదు. హెచ్చరిక మోగితే వినపడనివాళ్ళను యంత్రం దగ్గర పెట్టకూడదని ఆ యంత్రాల కంపెనీవాళ్ళు తేల్చేశారు. యజమాని ఆ మాట మొహం మీద చెప్పలేక ఇంకొకరితో చెప్పించాడు.

దర్జీల వీధిలో ఓ గోడవారగా బల్ల వేసుకుని బాబాయి కుట్టుమిషన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆమె పక్కన కూర్చుని విడిభాగాలు కిరసనాయిలులో కడిగేది. పూట గడిచేది, అంతే. మనుషులను ఆపి కబుర్లు చెప్పే అలవాటు అతనికి పోయింది. రిపేరుకు ఇచ్చినవాళ్ళు చెప్పింది విని తల ఊపేవాడు.

ఒక మధ్యాహ్నం యజమాని నడుచుకుంటూ వచ్చాడు. మనిషి సగానికి సగం అయిపోయాడు. అతన్ని చూస్తే అడగాలని బాబాయి ఎన్నో మాటలు కడుపులో దాచుకున్నాడు.

"సాయం సగమే వచ్చింది బాబాయ్. మిగతాది ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. బ్యాంకువాళ్ళు ఆగలేదు. పొద్దున షెడ్డుకి తాళం వేసేశారు." చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ పాతవైనా ఉండి ఉంటే..."

దాచుకున్న మాటలు దాచుకున్నట్టే ఉంచి, బాబాయి ముందున్న మిషను చక్రం తిప్పాడు.

"ఏమంటున్నాడు?" అని ఆమె మొగుణ్ణి అడిగింది. యజమాని తల దించుకుని మాట్లాడటంతో ఆమెకు పెదవులు కనపడలేదు. అతను చెప్పాడు. ఆమె చేతులు గుడ్డతో తుడుచుకుంది. తరవాత తను కూర్చున్న పీట ముందుకు జరిపింది.

"కూర్చో నాయనా. ఎండలో వచ్చావు," అంది. "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

తిన్నానన్నట్టు అతను తల ఊపాడు. పీట మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.